ఉంగరాల జుట్టు – ఇంటి దువ్వెన

మన మధ్యతరగతి ఇండ్లలో ప్రతి మనిషికీ పళ్ళు తోముకొనే బ్రష్షు వేరుగా ఉంటుంది, తువ్వాలు వేరుగా ఉంటుంది. దువ్వెన మాత్రం ఒకటే. అద్దం క్రింది అరలోనో, కిటికీ గూటిలోనో ఉండే ఆ దువ్వెనతోనే తండ్రి క్రాపు దువ్వుకొంటాడు, తల్లి ముడి వేసుకొంటుంది, పిల్లలకు జడలు పడతాయి. దాని పళ్ళలో రెండు మూడు విరిగి ఉన్నా ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో అందరిదీ సాఫుగా జారే జుట్టే అయితే ఈ ఏర్పాటు వలన పెద్ద నష్టం లేదు. ఆ ఇంట్లో ఉంగరాల జుట్టుతో ఒక ఆడపిల్ల పుట్టినదనుకోండి, ఆ ఒక్క దువ్వెన ప్రతి ఉదయమూ ఆ పిల్ల పాలిటి శిక్ష అవుతుంది.

ఎవరినో తప్పుపట్టడానికి ఈ మాట వ్రాయడం లేదు. ఆ శిక్షను విధించిన తల్లులలో నేనొకతెను. మా పెద్దమ్మాయిది నావంటి సాఫైన జుట్టు. రెండవ అమ్మాయికి వాళ్ళ మేనత్త పోలిక వచ్చింది, తల నిండా నొక్కులు. అప్పట్లో నేను ఉపాధ్యాయినిని. ఎనిమిదిన్నరకు బడి గంట కొట్టేలోగా వంట ముగించి, ఇద్దరికీ రిబ్బన్లతో రెండేసి జడలు వేసి, నేను కూడా తయారు కావాలి. పెద్దదానికి ఐదు నిముషాలలో అయిపోయేది. చిన్నదాని వంతు వచ్చేసరికి నా ఓపిక అడుగంటేది. పొడి జుట్టులో, నడినెత్తి నుండి, సన్నపళ్ళ దువ్వెన దించి లాగేదాన్ని. అది ఏడ్చేది. "ఏం జుట్టే ఇది, తుమ్మకంపలాగ" అనేదాన్ని. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో నాకు గుర్తు లేదు, దానికి గుర్తున్నది. కాలేజీలో చేరిన ఏడాదే అది తన జుట్టును మందులు పెట్టించి తిన్నగా చేయించుకొన్నది. తరువాత పది పన్నెండేండ్లు ఆరు నెలలకొకసారి ఆ పని చేయిస్తూనే వచ్చింది. నడినెత్తిన జుట్టు పలచబడిన తరువాతనే మానివేసింది.

ఇప్పుడు దాని కూతురికి ఎనిమిదేండ్లు. తల్లి జుట్టే వచ్చింది. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు తలదువ్వడానికి పిలిస్తే, "అమ్మమ్మా, నువ్వు వద్దు, అమ్మే తీస్తుంది" అని గోడవారగా నిలబడిపోయింది. నా సంగతి దానికి ఎవరు చెప్పారో తెలియదు. ఆ తరువాత నేను చదివినదీ, మా అమ్మాయి దగ్గర నేర్చుకొన్నదీ, నా అభిప్రాయంగా పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మొదట ఒక అపోహ గురించి చెప్పాలి. ఉంగరాల జుట్టు వాతదోషానికి గుర్తు అనీ, ఒంట్లో రూక్షత పెరిగినందువల్లనే జుట్టు మెలితిరుగుతున్నదనీ చెప్పే గృహవైద్యులు మన ఊళ్ళలో ఉన్నారు. "వాతం తగ్గితే జుట్టు అదే సాఫవుతుంది" అని నూనెలు ఇచ్చేవారూ ఉన్నారు. మన శాస్త్రగ్రంథాలలో ఉన్నది వేరు. అష్టాంగహృదయం వాతప్రకృతి మనిషి లక్షణాలలో చిట్లిన, ధూసరవర్ణపు జుట్టును చెప్పినది. సుశ్రుత సంహిత శారీరస్థానంలో, 4వ అధ్యాయంలో, నల్లని, గట్టి కుదురుగల, వంకులు తిరిగిన జుట్టును కఫప్రకృతి లక్షణంగా చెప్పారు. కఫప్రకృతి అంటే బలమూ, ఓర్పూ, స్థిరత్వమూ గలది. వంకుల జుట్టు ఆ గౌరవమైన వరుసలో ఉన్నదన్నమాట. చిట్లడమూ, ఎండిపోవడమూ రూక్షతకు గుర్తులు కావచ్చును. మెలి తిరగడం మాత్రం రోగమూ కాదు, దోషప్రకోపమూ కాదు. కుటిలకుంతల అనీ, కుంచితకేశ అనీ మన కావ్యభాషలో ఉన్నవన్నీ పొగడ్తలే. కావ్యాలలో మెచ్చుకొని, వంటింటి గడపలో కూర్చోబెట్టి తిట్టడం మనకే చెల్లింది.

మెలి ఎందుకు తిరుగుతుందన్నది నేటి చర్మవైద్యులు వివరంగా చెప్పినారు. సాఫైన వెంట్రుక ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. ఉంగరాల వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే కోలగా, కొంత చదునుగా ఉంటుంది. అది పుట్టే కుదురు కూడా చర్మంలో నిటారుగా కాక వంపుగా ఉంటుంది. ఇందువలన రెండు ఫలితాలు కలుగుతాయి. మాడు మీద ఊరే సహజమైన జిడ్డు, తిన్నని వెంట్రుకలో జారినట్లుగా మెలికల మెట్లు దిగి చివరిదాకా రాలేదు. కనుక మాడు జిడ్డుగా ఉన్నా చివర్లు ఎండిపోతాయి. రెండవది, ప్రతి మెలికా వెంట్రుకకు ఒక బలహీనమైన చోటు. లాగినప్పుడు తెగేది అక్కడే. ప్రక్క ప్రక్క వెంట్రుకల మెలికలు ఒకదానిలో ఒకటి తగులుకొని చిక్కుపడటం కూడా అక్కడే. ఇటువంటి జుట్టు చిక్కు తీయడమంటే గొలుసుల కుప్పను విడదీయడం వంటిది. గొలుసుల కుప్పను ఎవరూ పైనుండి దువ్వెనతో గీకరు కదా.

పిల్ల జుట్టుకు హాని జరుగుతున్నదా లేదా అని తెలిసికోవడానికి పరీక్ష ఒకటి ఉన్నది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఉండచుట్టి గోడ సందులో దోపడం, డబ్బాలో దాచి స్టీలు సామాన్లవాడికో, బుడగలవాడికో వేయడం మన ఇండ్లలో వాడుకే. ఈసారి ఉండ చుట్టేముందు ఆ వెంట్రుకలను ఒక తెల్లకాగితం మీద పరచి చూడండి. పూర్తి పొడవు ఉండి, ఒక కొసన ఆవగింజలో నాలుగోవంతు తెల్లని బుడిపె ఉంటే, అది కాలం తీరి కుదురునుండి సహజంగా రాలినది. రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం మామూలేనని అమెరికా చర్మవైద్యుల అకాడమీ చెబుతున్నది. బుడిపె లేని పొట్టి ముక్కలు ఎక్కువగా ఉన్నాయంటే అవి రాలినవి కావు, తెగినవి. వాటికి కారణం రక్తహీనతా కాదు, నీళ్ళూ కాదు, దిష్టి అసలే కాదు. మీ చేతిలోని దువ్వెన, మీ చేతి విసురు. అయితే ఉంగరాల జుట్టువారు రోజూ దువ్వరు గనుక నాలుగైదు రోజులవి ఒకేసారి ఊడివచ్చి ఉండ పెద్దదిగా కనబడుతుంది. ఆ ఉండను చూసి బెదరిపోయి జుట్టు రాలే మందులు కొనేవారిని ఎంతమందినో చూచినాను.

ఇక పనిముట్టు. అన్నిటికంటె మొదటి పనిముట్టు చేతివేళ్ళు. ఇది చవకబారు సలహా కాదు. దువ్వెన పంటికి స్పర్శ లేదు, వేలికి ఉన్నది. ముడి ఎక్కడ ఉన్నదో, అది లాగితే విడిపోయేదో, ప్రక్కకు తప్పిస్తే విడిపోయేదో వేలికి తెలుస్తుంది. పెద్ద ముడులన్నీ వేళ్ళతో విడదీసిన తరువాతనే దువ్వెన పట్టాలి. మా అమ్మాయి తన కూతురి జుట్టుకు పట్టే సమయంలో మూడువంతులు వేళ్ళకే ఇస్తుంది.

తరువాత వెడల్పు పళ్ళ దువ్వెన. బజారులో ఒకవైపు వెడల్పు పళ్ళు, మరొకవైపు సన్నపళ్ళు ఉన్న దువ్వెనలే ఎక్కువ. వాటిలో వెడల్పు అన్న భాగం కూడా ఉంగరాల జుట్టుకు చాలదు. పళ్ళ నడుమ కనీసం అర సెంటీమీటరు ఎడం ఉండాలి. గట్టి నొక్కులైతే చిటికెన వేలి కొన దూరేంత ఎడం ఉండాలి. పళ్ళు పొడవుగా, లావుగా, కొనలు గుండ్రంగా ఉండాలి. పొట్టి పళ్ళది పైపైన తేలిపోతుంది, లోపలి చిక్కు అలాగే ఉండి రేపటికి గట్టిపడుతుంది.

ప్లాస్టిక్ దువ్వెన కొనేటప్పుడు పళ్ళ ప్రక్కలను గోటితో తడిమి చూడండి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత వంటి గట్టు తగులుతుంది. చవకరకాలలో అది కత్తి అంచులా ఉంటుంది. ప్రతి దువ్వుకూ వెంట్రుక మీది పొరను అదే గీస్తుంది. పాత నైలాను ఓణీ ముక్క మీద దువ్వెనను లాగి చూస్తే సంగతి తేలిపోతుంది. పోగు లాగితే ఆ దువ్వెన జుట్టుకు పనికిరాదు. పన్ను ఊడిన దువ్వెన కూడా అంతే, విరిగిన మొదలు వెంట్రుకను కోస్తుంది. పాతిక ముప్పయి రూపాయల వస్తువును పారేయడానికి మనకు చేతులు రావు, అది వేరే విషయం.

చెక్క దువ్వెనల మీద ఇప్పుడు మోజు ఎక్కువైనది. వేపచెక్క దువ్వెన వాడితే చుండ్రు పోతుందనీ, పేలు రావనీ ప్రకటనలు. వేపాకులో, వేపనూనెలో గుణాలున్న మాట నిజమే. ఎండిన చెక్క ముక్క మాడును క్షణం సేపు తాకినంత మాత్రాన ఆ గుణాలు దిగివస్తాయని నేను నమ్మను. చెక్క దువ్వెనకు ఉన్న అసలు మేలు వేరు. పొడి జుట్టును ప్లాస్టిక్‌తో దువ్వితే రాపిడి విద్యుత్తు పుట్టి వెంట్రుకలు రేగుతాయి, చెక్కతో ఆ బాధ తక్కువ. అచ్చు గట్టు ఉండదు. నూనె పీల్చుకొని నున్నబడుతుంది. కాని చెక్క తడికి ఆగదు. ఉబ్బి, నార లేచి, ఆరిన తరువాత గరుకవుతుంది. ఉంగరాల జుట్టు చిక్కు తడిగా ఉన్నప్పుడు తీయవలసినది కనుక ఆ పనికి చెక్క దువ్వెన తగదు. నూనె రాసే రోజున, నూనెను పాయలలోకి తీసికొనిపోవడానికి వాడుకోవచ్చును.

కొమ్ము దువ్వెనలు నా చిన్నతనంలో ప్రతి ఇంట్లోనూ ఉండేవి. ఇప్పటి ఒడిశాలోని పర్లాకిమిడి గేదె కొమ్ము పనికి పేరుపొందినది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ పట్టణం మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది గనుక శ్రీకాకుళం వైపువారికి ఆ కొమ్ము వస్తువులు పరాయివి కావు. కొమ్ము కూడా వెంట్రుక వంటి పదార్థమే, రెండింటిలోనూ కెరటిన్ అనే మాంసకృత్తే ఉన్నది. బాగా నునుపు పట్టించిన కొమ్ము దువ్వెన జుట్టులో మెత్తగా సాగుతుంది. అయితే దానిని కూడా నీళ్ళలో నాననిస్తే వంకరపోతుంది. దొరికితే కొనుక్కోండి, వెతుక్కొంటూ తిరగవలసిన పని లేదు. తడి జుట్టుకు నేటికి మంచి పనిముట్టు, గట్టు లేకుండా నున్నగా చేసిన ప్లాస్టిక్ వెడల్పు పళ్ళ దువ్వెనే. ఈ పత్రికలో ప్లాస్టిక్‌ను మెచ్చుకొన్నందుకు కొందరు కినుక వహించవచ్చును.

మెత్తని దిండు మీద ముళ్ళు గుచ్చినట్లుండే బ్రష్షులు ఉన్నాయి. ముళ్ళ కొనలకు చిన్న పూసలు ఉంటాయి. ఆ పూసలు ఊడిపోయిన రోజు నుండి ఆ బ్రష్షు ముళ్ళకంపే. వంగే పళ్ళతో వచ్చే చిక్కు తీసే బ్రష్షులు పెద్ద నొక్కులు ఉన్నవారికి, ముందు వేళ్ళతో విడదీసికొన్న తరువాత బాగానే పనిచేస్తాయి. చిన్న చిన్న ఉంగరాలున్న జుట్టులో అవి పైపొరనే దువ్వి, లోపల ముడిని వదిలివేస్తున్నట్లు మా ఇంట్లో గమనించాము.

దువ్వెన ఆకారాన్ని జుట్టే నిర్ణయించాలి అన్న మాట కొత్తది కాదు. గట్టి ఉంగరాల జుట్టుగల ఆఫ్రికా జాతులవారు వేల సంవత్సరాలనాడే పొడవైన, ఎడం ఎడంగా ఉన్న నిలువు పళ్ళ దువ్వెనలను చేసికొన్నారు. 2013లో ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంవారు ఆ దువ్వెనల 6,000 సంవత్సరాల చరిత్ర మీద ఒక ప్రదర్శన జరిపినారు. ప్రాచీన ఈజిప్టు దువ్వెనలనుండి, 1960, 70లలో అమెరికాలోని నల్లజాతివారు ఆత్మగౌరవ చిహ్నంగా తలలో గుచ్చుకొని తిరిగిన దువ్వెనలదాకా అందులో ఉంచినారు. వారు తమ జుట్టును చూసికొని దువ్వెన చేసికొన్నారు. మనము ఎవరి జుట్టుకో చేసిన దువ్వెన తెచ్చి, పిల్ల జుట్టు దానికి లొంగలేదని కోపగించుకొంటున్నాము. మన సింధు నాగరికత తవ్వకాలలో కూడా దంతపు దువ్వెనలు బయటపడినాయి. దువ్వెన మనకు కొత్త వస్తువేమీ కాదు, దానిని ఎంచుకోవడం మాత్రం మరచిపోయినాము.

తడి జుట్టు దువ్వరాదని మన పెద్దలు చెప్పేవారు. సాఫైన జుట్టు విషయంలో ఆ మాట సరైనదే. తడిసిన వెంట్రుక ఉబ్బి, ఎక్కువగా సాగి, బలం తగ్గి ఉంటుంది. అప్పుడు లాగితే దెబ్బతింటుంది. గట్టి ఉంగరాల జుట్టులో లెక్క తిరగబడుతుంది. పొడిగా ఉన్నప్పుడు మెలికలు ఒకదానినొకటి బిగించి పట్టుకొంటాయి. తడిసినప్పుడు మెలిక కొంత సడలి, దువ్వడానికి కావలసిన బలం తగ్గుతుంది. అందుకే అమెరికా చర్మవైద్యుల అకాడమీ, సాఫైన జుట్టును కొంత ఆరనిచ్చి దువ్వమనీ, గట్టి ఉంగరాల జుట్టును తేమగా ఉండగానే వెడల్పు పళ్ళ దువ్వెనతో దువ్వమనీ వేరు వేరుగా చెబుతున్నది. ఇంత చిన్న తేడా తెలియక నేను పదేండ్లు రోజూ ఉదయం పొడి జుట్టు లాగినాను.

నీటితో పాటు జారుడు కూడా కావాలి. ఇక్కడ మన ఇంటివైద్యం నిజంగా పనికివస్తుంది. కుంకుడు రసంలో మందారాకు కలిపి రుద్దుకోవడం మన ఆడవాళ్ళకు తెలిసిన పద్ధతే. కుంకుడుకాయ జిడ్డును బాగా వదలగొడుతుంది, మందారాకు జిగట వెంట్రుకల నడుమ జారుడునిస్తుంది. మొదటిది మాత్రమే వాడితే ఉంగరాల జుట్టు కొబ్బరిపీచులా తయారవుతుంది. కనుక కుంకుడు రసాన్ని పలుచన చేసి మాడుకు మాత్రమే రుద్ది, పొడవు మీద ఎక్కువగా రుద్దకుండా ఉంటే మంచిది.

స్నానం తరువాత చిక్కు తీయడానికి మెంతుల జిగురు చాలా బాగుంటుంది. రెండు చెంచాల మెంతులను గ్లాసున్నర నీళ్ళలో రాత్రి నానవేయాలి. ఉదయం ఆ నీళ్ళతోనే చిన్న మంట మీద మరిగించి, గంజిలా సాగుతున్నప్పుడు దింపి, వేడిగా ఉండగానే పలుచని నూలుగుడ్డలో వడకట్టాలి. చల్లారితే గుడ్డలో నుండి దిగదు. అవిసెగింజలతో కూడా ఇలాగే చేయవచ్చును. మెంతులు రుబ్బిన ముద్దను మాత్రం ఉంగరాల జుట్టుకు పట్టించకండి. ఆ పిప్పి మెలికలలో ఇరుక్కొని, దానిని తీయడానికి మళ్ళీ దువ్వెన పట్టవలసి వస్తుంది. ఆ తప్పు కూడా నేను చేసినాను. ఈ జిగురు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకంటె నిలవదు. సెనగ, వేరుసెనగ పడనివారికి మెంతులు కూడా దురద తెప్పించవచ్చును, చెవి వెనుక కొంచెం రాసి చూసికోవాలి. ఇంత ఓపిక లేనివారు బజారులో దొరికే కండిషనరు వాడుకోవచ్చును. కండిషనరు అన్న మాట వినగానే రసాయనమని ముఖం చిట్లించే బంధువులు నాకూ ఉన్నారు. వారే పొడి జుట్టును సన్నపళ్ళతో లాగుతారు.

చిక్కు తీసే వరుస ఇది. తలస్నానానికి గంట ముందు కొబ్బరినూనెను వేళ్ళతో పొడవంతా రాయాలి. శిరస్సుకు నూనె రాసుకొంటే కుదుళ్ళు గట్టిపడతాయని చరక సంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలోనే ఉన్నది. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, స్నానానికి ముందు రాసిన కొబ్బరినూనె వెంట్రుకలోని మాంసకృత్తు నష్టాన్ని తగ్గించినట్లు, ప్రొద్దుతిరుగుడు నూనెగాని, ఖనిజ తైలంగాని అలా చేయలేకపోయినట్లు తేలినది. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే కంపెనీవారే అన్న సంగతి కూడా పాఠకులు తెలిసికోవడం న్యాయం. అయినా నా అనుభవం ఆ ఫలితానికి విరుద్ధంగా లేదు.

స్నానమైన తరువాత టర్కీ తువ్వాలుతో రుద్దరాదు. పాత నూలుచీర ముక్కతో నీటిని అద్ది తీయాలి. జుట్టును నాలుగు నుండి ఎనిమిది పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయకూ జిగురు పట్టించి, మిగిలినవాటిని క్లిప్పులతో ప్రక్కకు పెట్టాలి. పాయను ముడికి పైభాగాన ఎడమచేతి పిడికిట పట్టుకొంటే లాగుడు మాడుకు తగలదు. ముందు చివరి రెండు అంగుళాలు వేళ్ళతో, తరువాత దువ్వెనతో. అవి సాఫైన తరువాత ఇంకొక రెండు అంగుళాలు పైకి. ఇలా చివరినుండి మొదలుకు పోవాలి. పైనుండి క్రిందికి దువ్వితే దారిలోని చిన్న ముడులన్నీ క్రిందికి నెట్టుకొనిపోయి, ఒకదానిపై ఒకటి బిగిసి, కత్తెర తప్ప గతిలేని గడ్డ తయారవుతుంది. చిక్కు తీసిన పాయను వదులుగా మెలివేసి వదిలితే మళ్ళీ కలగాపులగం కాదు.

దీనికంతా ఎంత సమయం పడుతుందని అడుగుతారు. మా మనుమరాలి జుట్టుకు ముప్పావుగంట. అందుకే అది బడి ఉన్న ఉదయం చేసే పని కాదు, ఆదివారపు పని. వారంలో ఒకసారి, చెమట ఎక్కువపట్టే ఎండాకాలంలో రెండుసార్లు చాలును. రాత్రి వదులుగా జడ వేసి పడుకోబెట్టాలి. బడి రోజులలో ఉదయం తడిచేతితో పైన నిమిరి, వేళ్ళతో సవరించి, అదే జడను సర్దితే సరిపోతుంది. రోజూ వంద దువ్వులు దువ్వితే జుట్టు పెరుగుతుందన్న నమ్మకం ఏ జుట్టుకూ మేలు చేయదు, ఈ జుట్టుకు బొత్తిగా కీడే.

బడుల గురించి కూడా ఒక మాట. నూనె పెట్టి అణచి, నుదుటి చర్మం లాగుకొనిపోయేటట్లు బిగించిన రెండు జడలే క్రమశిక్షణకు గుర్తు అని మేము ఉపాధ్యాయులం అనుకొనేవాళ్ళం. వరుసలో నిలబెట్టి, ఉంగరాల జుట్టు పిల్లలనే "తల దువ్వుకొని రాలేదేం?" అని అడిగేవాళ్ళం. బిగుతు జడలు ఏండ్ల తరబడి వేస్తే నుదుటి దగ్గర, కణతల దగ్గర జుట్టు వెనక్కుపోయి బట్టతల మచ్చలు వస్తాయి. మొదట్లో గమనించి మానితే జుట్టు తిరిగి వస్తుంది, ఆలస్యమైతే కుదురే చచ్చిపోతుంది. జడ వదులుగా ఉన్నంత మాత్రాన చదువు వదులుకాదు.

సన్నపళ్ళ దువ్వెన అసలే వద్దా అంటే, ఒక్క పనికి కావాలి. దువ్వెన వలన ధూళి, క్రిములు, మలినం తొలగుతాయని సుశ్రుత సంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయం చెబుతున్నది. పేల దువ్వెన, అంటే పాతకాలపు ఈర్పెన, ఆ పనికోసమే పుట్టినది. పేలు పడిన పిల్ల జుట్టును పూర్తిగా చిక్కు తీసిన తరువాత, జిగురో కండిషనరో దండిగా పట్టించి, తడిగా ఉండగానే, వేలెడు మందం పాయలుగా పేల దువ్వెనతో దువ్వాలి. జిగటలో పేను పరుగెత్తలేదు, వెంట్రుకా తెగదు. ప్రతి దువ్వుకూ దువ్వెనను తెల్లగుడ్డకు తుడిచి చూడాలి. మూడు నాలుగు రోజులకొకసారి రెండు వారాలు చేస్తే ఈరుల నుండి కొత్తగా పుట్టేవి కూడా చిక్కుతాయి. చిక్కు తీయడానికి మాత్రం ఆ దువ్వెనను ఎన్నడూ వాడరాదు.

ఇంత శ్రమ ఎందుకు, సెలూనుకు పోయి ఒకసారి తిన్నగా చేయిస్తే పోలేదా అనే తల్లులు నాకు తెలుసు. మా అమ్మాయి కూడా అలాగే అనుకొన్నది. ఆ మందులలో కొన్ని, వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ అనే వాయువును విడుస్తాయి. అది మనిషికి కాన్సరు కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ వర్గీకరించినది. దానికి బదులుగా వచ్చిన గ్లైఆక్సిలిక్ ఆమ్లం మందులు వాడిన తరువాత మూత్రపిండాలు దెబ్బతిన్న స్త్రీల కేసులు 2024లో వైద్య పత్రికలలో వెలువడినాయి. ఇంతా చేస్తే, కుదురు వంపు మారదు. కొత్తగా మొలిచే జుట్టు మళ్ళీ ఉంగరాలతోనే వస్తుంది. పెద్దయిన స్త్రీ తెలిసి చేయించుకొంటే అది ఆమె ఇష్టం. దువ్వెన బాధ తప్పించుకోవడానికి పదేండ్ల పిల్లకు చేయించడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

మొన్న సంక్రాంతి సెలవులలో మా మనుమరాలు నా దగ్గర కూర్చొన్నది, మొదటి పాయ అయ్యేదాకా భుజాలు బిగించుకొనే ఉన్నది. మూడవ పాయకు కథ చెప్పమన్నది. దాని దువ్వెన దానికి వేరుగా, ఒక గుడ్డసంచిలో ఉన్నది. వారానికొకసారి దానిని గోరువెచ్చని కుంకుడు నీళ్ళలో పదినిముషాలు ఉంచి, పాత పళ్ళ బ్రష్షుతో పళ్ళ సందులు తోమి, నీడన ఆరబెడుతున్నాము.